మొహమాటం గారూ, మీరు విమానం దిగండి

గౌరవనీయులైన మొహమాటం గారికి,

నమస్కారాలు. మీరు కులాసాగా ఉన్నారని వేరే చెప్పక్కర్లేదు. శనివారం మధ్యాహ్నమంతా మాతోనే ఉన్నారు కదా, టెక్సస్‌లో ఆ చిన్న ఊరి ఎయిర్‌పోర్టు లాంజ్‌లో, మెత్తబడిపోయిన పాప్‌కార్న్ తింటూ. మా బామ్మర్ది నడిపే చిన్న విమానంలో హ్యూస్టన్‌కి భోజనానికని బయల్దేరి, మబ్బులు అడ్డొచ్చి అక్కడ దిగాం. హ్యూస్టన్‌లో ఆంటీ మాకోసం వండిన గోంగూర పప్పు, ములక్కాడ పులుసు చల్లారిపోతుంటే మేం గోడ మీది టీవీలో రాడార్ బొమ్మ చూస్తూ కూర్చున్నాం. ఊళ్ళోకి వెళ్ళి ఏమైనా తినొద్దామంటే కౌంటర్ దగ్గరావిడ ఎయిర్‌పోర్టు వాళ్ళ కారు తాళాలు ఇస్తుంది, చిన్న ఎయిర్‌పోర్టుల్లో అది మామూలే. మా బామ్మర్ది మాత్రం "ఎందుకులే బావా, ఆవిడ ఫోన్లో ఉంది" అన్నాడు. ఇంతలో ఆంటీ ఫోన్ చేసింది. "దగ్గర్లోనే ఉన్నాం ఆంటీ" అన్నాడు. వంద మైళ్ళ దూరంలో కూర్చుని!

మీకూ మా ఇంటికీ పాత పరిచయమే. పెళ్ళి భోజనంలో నాలుగో బూరె మీ చలవే. దూరపు చుట్టం అంటగట్టిన ఇన్సూరెన్స్ పాలసీ మీ చలవే. తిరిగిరాని చేబదుళ్ళ సంగతి ఎత్తను. అవన్నీ నేల మీద జరిగినవి, పోనీలే అనుకున్నాం. కానీ సెస్నా 172 అనే ఈ నాలుగు సీట్ల బుల్లి విమానం ఎక్కి అయిదున్నర వేల అడుగుల ఎత్తుకు మీరెందుకు వచ్చారండీ?

నేల మీంచి రేడియోలో దారి చెప్పే కంట్రోలర్ తప్పేం లేదు. ఎదురుగా ఇంకో విమానం ఉంది, ఎడమకు తిరిగి దిక్సూచిలో 120 డిగ్రీల దిక్కు పట్టుకోమన్నాడు. ఆ 120 వైపే మబ్బు లేచి ఉంది. పైన తెల్లగా పొంగుతోంది, అడుగున సిరా రంగు, దాని కింద వాన తెర. నాకు కనిపిస్తోంది, పక్క సీట్లో విమానం నడుపుతున్న మావాడికీ కనిపిస్తోంది. బటన్ నొక్కి "రోజర్ సర్, థాంక్యూ సర్" అన్నాడు. కాసేపటికి పాపం కంట్రోలరే అడిగాడు, అక్కడ వాతావరణం ఎలా ఉందని. "గుడ్ సో ఫార్, సర్!" అప్పటికే మొదటి చినుకులు విండ్‌షీల్డ్ మీద పైకి పాకుతున్నాయి.

"వాళ్ళ దగ్గర రాడార్ ఉంటుంది కదా బావా, చూసే చెప్పుంటాడు" అని నాకు సర్దిచెప్పాడు ఇంటర్‌కమ్‌లో.

ఇదే కదండీ మీరు నేర్పే మొదటి పాఠం, అవతలివాడికి అన్నీ తెలుసని! అయ్యా, ఆ రాడార్‌కి తెలిసేది వాన ఒక్కటే. మబ్బు కనిపించదు, లోపలి కుదుపులూ కనిపించవు. వాన ఎంత జోరుగా ఉందో నాలుగు మెట్లలో చెప్పగలరు, అంతే. వాళ్ళ అసలు పని విమానాలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా చూడటం. వాతావరణం కబుర్లు తీరిక దొరికితేనే. మబ్బులో దూరకూడని విజువల్ రూల్స్ మీద ఎగురుతున్నది మేము, అద్దంలోంచి చూస్తున్నదీ మేమే. మేం నోరు విప్పకపోతే ఎక్కడో గదిలో స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి కలలోకొచ్చి ఎవరు చెబుతారు?

మావాడికి పరికరాలు చూస్తూ మబ్బులో నడిపే లైసెన్స్ లేదు. అలాంటి ట్రైనింగ్ లేని 20 మందికి 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు బయటేమీ కనిపించకుండా చేసి చూశారు. ఇరవై మందికీ విమానం అదుపు తప్పింది, సగటున 178 సెకన్లలో. "ఏమనుకుంటాడో" అని ఆలోచించడానికి మావాడు అంతకంటే ఎక్కువ సేపే తీసుకున్నాడు.

మీరు మా తెలుగువాళ్ళ సొంత ఆస్తి అనుకునేవాణ్ణి. కాదట. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 విమానంలో కూడా ఉన్నారు కదా? వాతావరణం బాగాలేక గంటకు పైగా గాల్లోనే తిప్పారు. దిగబోయిన ఒక్క ప్రయత్నమూ కుదరలేదు. ఇంధనం అయిపోతోందని మాటల మధ్యలో అన్నారే కానీ, ఎమర్జెన్సీ అనే మాట మాత్రం కంట్రోలర్‌తో అనలేదు. ఇంకాస్త దూరం తిప్పి తీసుకొస్తాను, మీ ఇంధనానికి ఫర్వాలేదా అని కంట్రోలర్ అడిగితే వచ్చిన జవాబు, "ఫర్వాలేదనుకుంటా, థాంక్యూ వెరీ మచ్". ఆ తర్వాత ఇంజిన్లు ఆగిపోయి లాంగ్ ఐలాండ్ కొండవాలులో కూలింది. 158 మందిలో 73 మంది పోయారు. మంటలు కూడా రాలేదు. కాలడానికి ట్యాంకుల్లో ఏమీ మిగల్లేదు.

ఆ థాంక్యూ నీది. నీది కాకపోతే ఎవరిది? సిగ్గులేదూ నీకు?

ఎమర్జెన్సీ అంటే ఫైన్ వేస్తారు, లైసెన్స్ పీకేస్తారు, కట్టలకొద్దీ కాగితాలు నింపాలి అని చెవిలో ఊదేది కూడా నువ్వే. అమెరికా విమానాల రూల్ 91.3 చదువు. విమానం విషయంలో చివరి మాట పైలట్‌దే. ప్రాణం మీదికొస్తే అవసరమైనంత మేరకు ఎగిరే రూల్స్ దాటొచ్చు. రాసిచ్చేది ఒక రిపోర్టు, అదీ వాళ్ళు అడిగితే. నీమీద మన పెద్దలు కట్టిన సామెత ఒకటుంది. ఇక్కడ రాద్దామంటే మళ్ళీ నువ్వే అడ్డొస్తున్నావు.

చివరికి నావైపున్న బటన్ నేనే నొక్కాను. "అనేబుల్, అంటే మీరు చెప్పింది మావల్ల కాదు. ముందు మబ్బుంది, విజువల్‌లో ఉన్నాం, కుడికి 30 డిగ్రీలు కావాలి." బటన్ వదిలీ వదలకముందే జవాబు. కుడికి 30 సరే, వాన దాటాక చెప్పండి అన్నాడు. విసుక్కోలేదు, ఎందుకని అడగలేదు. పైగా మా వెనకాల వస్తున్న విమానానికి మేం చెప్పిందే చెప్పి పక్కకు పంపాడు. ఈ నాలుగు ముక్కలకా మావాడికి అంత చెమట పట్టింది! ఆ మబ్బు ఇరవై మైళ్ళ దూరంలో ఉన్నప్పుడే అడిగుంటే పడమటి నుంచి చుట్టి భోజనానికి అందుకునేవాళ్ళం. మేం అడిగేసరికి హ్యూస్టన్ వైపు మబ్బులు వరస కట్టేశాయి. పాప్‌కార్న్ గతైంది.

నువ్వు పూర్తిగా చెడ్డదానివని అనను. మావాడు మంచివాడన్న పేరులో సగం నీవల్లే. అత్తగారింట్లో, ఆఫీసులో, పెళ్ళి పందిట్లో నీ చోటు నీకుంటుంది.

వచ్చే శనివారం మళ్ళీ బయల్దేరుతున్నాం. ఈసారి మా ఆవిడా, అత్తగారూ కూడా వస్తారట, ఆవకాయ సీసాలతో సహా. 172లో నలుగురు పెద్దవాళ్ళు కూర్చుంటే ట్యాంకులు నిండా పోయడానికే బరువు ఒప్పుకోదు. కాబట్టి నీకు చోటు లేదు. ఆ మాట మావాడు నీ మొహమ్మీద చెప్పలేడు కాబట్టి నేను రాస్తున్నాను.

ఇట్లు,
కుడి సీటు బావ