రెండు పాస్‌పోర్టులుంటే రెండు నాలుకలున్నట్టా?

ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: రెండు దేశాల పౌరసత్వం ఉన్నవాళ్లు అవకాశవాదులు, లాభం చూసుకుని కావాలనే తీసుకుంటారు. సరైన దేశమేదీ దీన్ని ఒప్పుకోదు. కష్టమొస్తే రెండో పాస్‌పోర్టు చూపించి తప్పించుకుంటారు, యుద్ధమొస్తే ఎటువైపు ఉంటారో తెలియదు. ఇక పాత పౌరసత్వం వదులుకున్నవాళ్లయితే మూలాలనే తెంచుకున్నారట. "నిజమే కదా" అంటూ చదువుకున్నవాళ్లే ముందుకు పంపుతున్నారు. అది చూసి బాధేసింది. ఆ మాటలు ఒక్కొక్కటే తీసుకుని చూద్దాం.

"లాభం చూసుకుని కావాలనే తీసుకుంటారు."

రెండు పౌరసత్వాలున్న చాలామంది దానికోసం ఏ దరఖాస్తూ పెట్టలేదు. కొన్ని దేశాలు తమ నేల మీద పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఇస్తాయి. కొన్ని తల్లిదండ్రులను బట్టి ఇస్తాయి. మొదటి రకం దేశంలో రెండో రకం దేశస్థులకు బిడ్డ పుడితే ఊయలలో ఉండగానే రెండూ వచ్చేస్తాయి. ఒక్కోసారి ఆ సంగతి ఆ మనిషికే తెలియదు. 2017లో ఆస్ట్రేలియా ఉప ప్రధానిగా ఉన్న బార్నబీ జాయిస్ విషయంలో ఇదే జరిగింది. ఆయన పుట్టింది ఆస్ట్రేలియాలోనే, కానీ తండ్రి న్యూజిలాండ్‌లో పుట్టారు. దాంతో అక్కడి చట్టం ప్రకారం ఆయన న్యూజిలాండ్ పౌరుడు కూడా. యాభై ఏళ్లు వచ్చాక గానీ ఈ విషయం బయటపడలేదు. మరో దేశ పౌరసత్వం ఉన్నవాళ్లు పార్లమెంటులో ఉండకూడదని ఆస్ట్రేలియా రాజ్యాంగం 44వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, ఆ అక్టోబరులో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ఆయన ఎన్నిక చెల్లదంది. న్యూజిలాండ్ పౌరసత్వం వదులుకుని, డిసెంబరు ఉపఎన్నికలో మళ్లీ గెలిచారు. ఇందులో ఆయన చూసుకున్న లాభమేమిటి? కొన్ని పదవులకు ఇలాంటి షరతు ఉండటం తప్పని నేను అనను. కానీ పదవికి షరతు పెట్టడం వేరు, మనిషినే అనుమానించడం వేరు.

"సరైన దేశమేదీ ఒప్పుకోదు."

నూరేళ్ల కిందట ఈ మాట చాలావరకు నిజమే. ప్రతి మనిషికీ జాతీయత ఉండాలి, అదీ ఒక్కటే ఉండాలి అని జాతీయత చట్టాల మీద దేశాలు చేసుకున్న 1930 నాటి హేగ్ ఒప్పందం పీఠికలోనే రాసుకున్నారు. ఒకే కుర్రాణ్ణి రెండు సైన్యాలు రమ్మంటే ఎలా అన్నది అప్పటి దేశాల పెద్ద బెంగ. ఆ "ఒక్కటే" అన్న పట్టుదలకు బలైంది ఎక్కువగా ఆడవాళ్లు. 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లి చేసుకున్న అమెరికన్ స్త్రీ పౌరసత్వం పోయేది. పుట్టి పెరిగిన దేశంలోనే ఆమె పరాయిదైపోయేది. 1922లో గానీ ఆ చట్టాన్ని సడలించడం మొదలుకాలేదు. తర్వాత ఒక్కో దేశంలో తల్లి నుంచి కూడా బిడ్డకు పౌరసత్వం వచ్చే హక్కు దక్కాక, వేర్వేరు దేశాల దంపతుల పిల్లలకు రెండూ ఉండటం మామూలైంది. స్వీడన్ 2001లో, డెన్మార్క్ 2015లో, నార్వే 2020లో, జర్మనీ 2024లో రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటూ తమ చట్టాలు మార్చుకున్నాయి. భారత్, చైనా, సింగపూర్ ఇప్పటికీ ఒప్పుకోవు, అది వాటి నిర్ణయం. "ఏ దేశమూ" అనడం మాత్రం అబద్ధం.

"కష్టమొస్తే తప్పించుకుంటారు."

ఇది తిరగేసిన మాట. ఒక మనిషి రెండు దేశాలకూ పౌరుడైనప్పుడు, వాటిలో ఒక దేశం మీదికి రెండో దేశం అతని తరఫున వెళ్లి అడ్డుపడకూడదని అదే హేగ్ ఒప్పందం 4వ అధికరణం చెబుతుంది. పైగా బాధ్యతలు పెరుగుతాయి. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా వాళ్ల ఆదాయం లెక్క అడుగుతుంది.

"యుద్ధమొస్తే ఎటువైపు?"

మెసేజ్ మొత్తంలో ప్రమాదకరమైన మాట ఇదే. ఎందుకంటే ఈ అనుమానాన్ని ఒక దేశం నిజంగానే అమలు చేసింది. 1942లో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాన్ మూలాలున్న దాదాపు 1,20,000 మందిని ఇళ్లలోంచి తీసి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టింది. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. కొందరికి జపాన్ చట్టం ప్రకారం పుట్టుకతోనే అక్కడి పౌరసత్వం కూడా ఉండేది. వాళ్ల మీద పెట్టిన కర్ఫ్యూను 1943లో సమర్థిస్తూ సుప్రీంకోర్టు ఆ సంగతిని కూడా ప్రస్తావించింది. మరి వాళ్ల పిల్లలు ఏం చేశారు? తల్లిదండ్రులు శిబిరాల్లో ఉండగానే చాలామంది సైన్యంలో చేరారు. జపాన్ మూలాలున్న అమెరికన్లతో ఏర్పడిన 442వ రెజిమెంట్ 1944 అక్టోబరులో ఫ్రాన్స్ కొండల్లో జర్మన్ల మధ్య చిక్కుకుపోయిన అమెరికా సైన్యపు టెక్సాస్ బెటాలియన్‌ను కాపాడింది. ప్రాణాలతో బయటపడ్డ ఆ బెటాలియన్ సైనికుల కంటే, వాళ్లను కాపాడే పోరులో నేలకొరిగిన, గాయపడిన వీళ్ల సంఖ్యే ఎక్కువ. 1988లో అమెరికా క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చింది. అప్పటికి ఎందరో ఆ మాట వినకుండానే పోయారు.

ఇక ద్రోహం సంగతి. సోవియట్‌కు రహస్యాలు అమ్మి 1994లో దొరికిన సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ అమెరికాలో పుట్టిన అమెరికన్. డబ్బు కోసం అమ్మాడు.

"పౌరసత్వం వదులుకున్నవాళ్లు మూలాలు తెంచుకున్నారు."

రెండూ ఉంచుకుంటే నమ్మకం లేనివాడు, ఒకటి వదిలేస్తే మూలాలు లేనివాడు! దేశం దాటిన మనిషికి ఈ మెసేజ్ దారే మిగల్చలేదు. మన చట్టమే చూడండి. ఇష్టపూర్వకంగా వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు 2005లో మొదలైంది, దాన్ని చాలామంది ద్వంద్వ పౌరసత్వం అనుకుంటారు. కాదు. దానితో ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడటం లేదు, వ్యవసాయ భూమి కొనడం కుదరదు. ఉద్యోగం కోసమో, పిల్లల దగ్గర ఉండటం కోసమో వెళ్లిన మనిషి ముందు చట్టం ఒకటే ఎంచుకోమని కాగితం పెట్టింది. ఎంచుకున్నాక, మమకారం లేకనే వదిలేశాడని మనమే అంటున్నాం.

పాస్‌పోర్టుతో పాటే మూలాలు పోయేవైతే మారిషస్‌లో తెలుగు ఉండేది కాదు. 19వ శతాబ్దంలో కూలి ఒప్పందాల మీద ఓడలెక్కి వెళ్లినవాళ్ల వారసులు నేడు మారిషస్ పౌరులు. అక్కడి బడుల్లో ఇప్పటికీ తెలుగు చెబుతున్నారు. బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లండ్‌లో ఇంకా ముందుకెళ్లారు. దశాబ్దాలు రక్తం పారాక, అక్కడివాళ్లు తమను ఐరిష్‌గానో, బ్రిటిష్‌గానో, రెండూగానో చెప్పుకోవచ్చని, రెండు పౌరసత్వాలూ ఉంచుకోవచ్చని 1998లో బ్రిటన్, ఐర్లండ్ ప్రభుత్వాలు సంతకాలు పెట్టి ఒప్పుకున్నాయి.