ఫలక్‌నుమా మెట్ల మీద గులాబీ రేకులు

హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో అతిథులు గేటు దగ్గర కారు దిగి గుర్రపు బగ్గీ ఎక్కుతారు. బగ్గీ దిగి మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు రాలతాయి. పెళ్లివారైతే ఈ దృశ్యం లేకుండా ఆల్బమ్ పూర్తి చేయరు. ఇదంతా హోటల్‌వాళ్ల నాటకం అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఆ కొండ మీద ఆ ఇల్లు కట్టిందే గొప్పవాళ్లను పిలిచి గొప్పగా చూసుకోవడానికి. నూట ముప్పై ఏళ్లలో మారిందల్లా బిల్లు ఎవరు కడతారన్నదే.

నిజాంల కొలువులో పెద్ద జాగీర్దార్లైన ‘పైగా’ వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేశాడు. చార్మినార్‌కు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ గుట్ట అప్పటికి ఊరి బయట. ఇటలీ నుంచి పాలరాయి తెప్పించాడు. ఒకేసారి 101 మంది కూర్చుని తినగలిగే భోజనాల బల్ల చేయించాడు. కట్టడానికి తొమ్మిదేళ్ల దాకా పట్టింది. తర్వాత ఆయన నిజాం ప్రభుత్వంలో ప్రధాని అయ్యాడు గానీ, ప్రధాని అయినంత మాత్రాన అప్పులు తీరవు కదా. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా వచ్చి ఇల్లు చూసి ముచ్చటపడ్డాడనీ, భార్య సలహాతో వికారుల్ ఉమ్రా ఇంటినే నజరానాగా సమర్పించాడనీ, నిజాం ఖజానా నుంచి సొమ్ము ముట్టజెప్పాడనీ పాతబస్తీలో చెప్పుకుంటారు. నాకైతే ఈ కథలో భక్తి కంటే లౌక్యమే ఎక్కువ కనిపిస్తుంది. అమ్ముకున్నాడన్న మాట రాకుండా అమ్ముకోవడం అందరికీ చేతకాదు.

నిజాం చేతికి వచ్చాక అది రాచ అతిథి గృహమైంది. తర్వాతి కాలంలో ఐదో జార్జ్ చక్రవర్తి అయిన వేల్స్ యువరాజు 1906లో ఇక్కడే బస చేశాడు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసిందీ ఇక్కడే. ఆయన కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఇక్కడ కాపురం పెట్టలేదు. ఆఖరి పెద్ద అతిథిగా 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వచ్చారని చెబుతారు. ఆ తర్వాత దాదాపు అర్ధ శతాబ్దం తాళమే. సంస్థానం పోయింది, 1971లో రాజభరణాలు పోయాయి, వారసుడు ముకరం జా ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం పెట్టుకున్నాడు. ఆయన మాజీ భార్య ఎస్రా పూనుకున్నాక తాజ్ గ్రూపు లీజుకు తీసుకుంది. ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరిచింది. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి, 2017లో ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని మోదీ విందు. ఆవిడ వచ్చిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు వేళ నగరంలో రోడ్లు హడావిడిగా నున్నబడ్డాయి, బిచ్చగాళ్లను కనబడకుండా తరలించారు.

ఇంతకీ ఈ భవనం ఎందుకు మిగిలింది? రాజుల పాత ఇళ్లకు మన దగ్గర దొరికే ఉద్యోగం మామూలుగా ఆఫీసో ఆస్పత్రో. ఎర్రమంజిల్‌లో ఇంజినీర్లు కూర్చున్నారు. కింగ్‌కోఠిలో కొంత భాగం ఆస్పత్రి అయింది. ఇదే వికారుల్ ఉమ్రా బేగంపేటలో కట్టించిన పైగా ప్యాలెస్ 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్. 101 మంది బల్ల ఏ ప్రభుత్వ శాఖకో దక్కి ఉంటే దాని మీద ఫైళ్ల కట్టలు పేర్చి ఉండేవారు, సందేహం లేదు. పెళ్లిళ్ల వ్యాపారంలో అలా కుదరదు. అక్కడ పాతదనమే సరుకు. షాండ్లియర్ మీద దుమ్ము పడితే వ్యాపారం దెబ్బతింటుంది. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు మారడం కూడా కలిసొచ్చింది. నగరాన్నంతా దాటకుండానే అతిథులు కొండెక్కేస్తున్నారు.

అయితే దీన్ని చూపించి వారసత్వ కట్టడాలను మార్కెటే కాపాడుకుంటుందనే వాళ్లతోనే నా పేచీ. కొండ, 32 ఎకరాల జాగా, నిజాం పేరు, దగ్గరలో విమానాశ్రయం, ఇన్నీ ఎన్ని ఇళ్లకు ఉంటాయి? తెలంగాణ పల్లెల్లో కూలుతున్న గడీలకు, అంటే దొరల పాత కోటల్లాంటి ఇళ్లకు, పెట్టుబడి ఎవరు పెడతారు? దోమకొండ కోటను వారసులే బాగుచేయించుకుని 2022లో యునెస్కో పురస్కారం అందుకున్నారంటే, అది స్థోమత ఉన్న కుటుంబం కాబట్టి. మిగతావాటికి చట్టమే దిక్కు. ఆ చట్టాన్నేమో 2015లో హైదరాబాద్ వారసత్వ భవనాల నిబంధన తీసేసి బలహీనపరిచారు. 2019లో ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ కడతామన్నారు. హైకోర్టు అడ్డుపడబట్టి అది నిలిచింది.

అదీగాక ఫలక్‌నుమా బతికినా ఊరికి దూరంగానే బతికింది. కొండ కింద ఎంఎంటీఎస్ లోకల్ రైలు దిగి ఇరుకు గల్లీల్లోకి నడిచే జనానికి ఆ తెల్లటి గోడలు కనిపిస్తాయి, అంతే. వాళ్ల పెళ్లిళ్లు పక్క వీధుల ఫంక్షన్ హాళ్లలో జరుగుతాయి. ప్రైవేటు ఆస్తి, లీజుకిచ్చిన హోటల్, కాబట్టి హక్కుగా అడగడానికేం లేదు. కానీ వేరే దారి లేదని మాత్రం అనలేం. ఇదే కుటుంబం, ఇదే ఎస్రా పూనికతో చౌమహల్లా ప్యాలెస్‌ను 2005లో జనానికి తెరిచారు. 2010లో దానికీ యునెస్కో గుర్తింపు దక్కింది. పగలు టికెట్ కొన్న ఎవరైనా ఖిల్వత్ దర్బారులోకి వెళ్లి షాండ్లియర్ల కింద నిలబడొచ్చు. బడిపిల్లలు వరుసల్లో వచ్చి కొలను చుట్టూ అల్లరి చేస్తారు. విందులూ వేడుకలూ అక్కడా జరుగుతాయి. కాకపోతే పిల్లలు వెళ్లిపోయాక ఆ ఆవరణలోనే కుర్చీలు వేస్తారు.