అధిక శ్రావణంలో అమ్మ ఎవరిది?

మా దేవరకొండ దిక్కు రోడ్ల మీద ఈ మధ్య పెద్దవాళ్ల ఫొటోలు ఎక్కువయ్యాయి. అందరూ పోయినవాళ్లే. ఏ చౌరస్తాలో చూసినా 'అశ్రునివాళి' ఫ్లెక్సీ. మధ్యలో తల్లి, చుట్టూ నల్ల కళ్లద్దాలతో ముగ్గురు కొడుకులు. ఏడ్చేవాళ్లకు కళ్లద్దాలు అవసరమే, తప్పు పట్టను. తల్లి ఫొటో మాత్రం ఆధార్ కార్డులోది. ఇంట్లో ఇంకోటి ఉంటే కదా! స్టూడియో పిల్లగాడు ఆ తలను ఎవరిదో పట్టుచీర కట్టిన ఒంటికి అతికించి, మెడలో నాలుగు వరసల హారం వేస్తాడు. బోరు కోసం కాళ్ల కడియాలు అమ్ముకుని, ఆ బోరులో దుమ్ము తప్ప నీళ్లు చూడని మనిషికి చివరికి నగలు దక్కాయి.

బతికుండగా ఈ తల్లిని ఎలా పంచుకున్నారో కూడా చెప్పుకోవాలి. కృష్ణా నీళ్లలో బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీల లెక్క రెండు రాష్ట్రాల మధ్య ఇంకా తెగలేదు గానీ, తల్లి పంపకం ఒక్క పూటలో తెగింది. ఉగాది నుంచి మొదలుపెట్టి తలా నాలుగు నెలలు. ఆమె బట్టల మూటతోపాటే 2,016 రూపాయల పింఛను కూడా ఇల్లు మారుతుంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటును 2023లో అధిక శ్రావణం వచ్చి చెడగొట్టింది. ఆషాఢంతో నా వంతు అయిపోయిందన్నాడు పెద్దోడు. నా వంతు నిజ శ్రావణం నుంచి, ఇది అధికం అన్నాడు నడిపోడు. చిన్నోడికి సంబంధమే లేదు, అయినా అధిక మాసంలో శుభకార్యాలు చేయొద్దని గుర్తుచేశాడు. పెద్దమనుషులు పంచాంగం తిరగేస్తుండగా ఆమె కూతురు ఆటో తెచ్చి తీసుకుపోయింది. ఆ బిడ్డకు వంతు లేదు, భూమి లేదు, ఫ్లెక్సీలో ఫొటో కూడా లేదు.

ఇక ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడం. మోదుగాకు విస్తట్లో మటన్, బోటి, గారెలు, సర్వపిండి. పక్కన కల్లు సీసా, క్వార్టర్ సీసా. ఆమె ఏనాడూ ముట్టని బీడీ కట్ట కూడా పెట్టారు, ఎందుకైనా మంచిదని. అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకి రాలేదు. పెద్దోడు ముందుకొచ్చి దండం పెట్టాడు: "అమ్మా, తమ్ముని దిక్కు గెట్టు జరిపిన, మల్ల ఎన్కకు జరుపుత, ముట్టవే తల్లీ!" ఈ ఒప్పుకోలు విని తమ్ముడు అదిరిపడ్డాడు, కాకి మాత్రం చెట్టు దిగలేదు. నడిపోడు పింఛను బాకీ ఒప్పుకున్నాడు. చిన్నోడు ఏదో గొణిగాడు, ఎవరికీ వినపడకుండా. కుక్క వస్తే ముగ్గురూ కలిసి తరిమారు. చివరికి ఒక కాకి దిగింది. మటన్ వైపు ఓసారి చూసి, పిల్లలు పడేసిన మురుకు ముక్క ఎత్తుకుని పోయింది. "ముట్టింది, ముట్టింది!" అని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేశాడు. ఎండ ఎక్కింది మరి, ఇంటి దగ్గర అన్నం చల్లారుతోంది.

విస్తట్లో పెట్టిన ఆ మటన్ బతికుండగా ఎందుకు పెట్టలేదురా? అడిగితే "నీకు అరగదు" అన్నారు. పళ్లు లేని మనిషికి మెత్తగా ఉడికించి పెట్టే ఓపిక లేదని చెప్పండి, అరగదని చెప్పకండి. ఫ్లోరైడ్ నీళ్లకు నడుం వంగిపోయిన ఆడమనిషి తన మూట తనే ఎత్తుకుని వాడ దాటుతుంటే, ముగ్గురిలో ఒక్కడు ఎదురొచ్చి అందుకోలేదు. అడిగితే కోడళ్ల మీద నెడతారు. ఆమె కన్నది కోడళ్లను కాదు, మిమ్మల్ని!

తల్లిదండ్రుల పోషణ కోసం 2007 చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర అర్జీ పెడితే నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. తల్లిని వదిలేసినవాడికి మూడు నెలల జైలు కూడా పడొచ్చు. కానీ ఏ తల్లి వేలిముద్ర వేస్తుంది? "నా కొడుకు మంచోడే సారూ, పనుల టెన్షన్" అంటుంది.

పదకొండో రోజు భోజనాలయ్యాక షామియానా, మటన్, ఫ్లెక్సీ ఖర్చు లెక్క చూసుకున్నారు. ఆ ముగ్గురు అన్నదమ్ములు ఒక్కమాట మీదికి రావడం ఊరు అప్పుడే చూసింది: నాలుగో వాటా చెల్లెలు ఇవ్వాలట.