ఎముక విరిగేదాకా ఆగాలా?

ఎముక గుల్లబారుతున్నప్పుడు నొప్పి పుట్టదు. అందుకే బోలు ఎముకల వ్యాధి (ఆస్టియోపోరోసిస్) చాలామందిలో స్నానాల గదిలో కాలుజారి తుంటి విరిగిన రోజునే బయటపడుతోంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఒళ్లు చూపిన ఆనవాళ్లను వయసు మీదపడుతోందిలే అని కొట్టిపారేయడం ఇళ్లలోనే కాదు, ఆసుపత్రుల్లోనూ అలవాటైపోయింది.

వాటిలో ముందుగా చెప్పుకోవలసింది ఎత్తు తగ్గడం. వెన్నుపూసలు నలిగి విరగడం దాదాపు మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఎవరికీ తెలియకుండానే జరిగిపోతుంది. యవ్వనంలో ఉన్న ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గినా, మొన్నటిదాకా అందిన అల్మరా పై అర ఇప్పుడు అందకపోయినా, గోడకు ఆనుకుని నిలబడితే తల వెనుక భాగం గోడకు తగలకపోయినా, అది వట్టి గూని అని సరిపెట్టుకోకూడదు. బిందె ఎత్తినప్పుడు నడుములో కలుక్కుమని వారాల తరబడి తగ్గని నొప్పి మరో సూచన. 50 ఏళ్లు దాటినవారు నిలబడినచోటే పడి మణికట్టు విరగ్గొట్టుకుంటే, కట్టు కట్టి పంపేయడంతో వైద్యం పూర్తయినట్లు కాదు. చెయ్యి అతుక్కుంటుంది గాని, విరగడానికి కారణం ఒంట్లో అలాగే ఉండిపోతుంది.

తల్లికో తండ్రికో తుంటి విరిగి ఉండడం, మరీ తక్కువ బరువు, పొగ, మద్యం, కీళ్లవాతం ముప్పును పెంచేవే. ఉబ్బసానికో నొప్పులకో 3 నెలలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారు మరింత జాగ్రత్తపడాలి. మాత్రల పేరైనా తెలియకుండా ఊళ్లో ఇచ్చిన పొట్లాలు మింగేవారి సంగతి చెప్పనక్కర్లేదు. ఇది ఆడవాళ్ల జబ్బేనని మగవారు నిశ్చింతగా ఉండడానికీ వీల్లేదు.

అయితే తెలుగు రాష్ట్రాలు విడిగా పట్టించుకోవలసిన ముప్పు మరొకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణల్లో ఎనిమిదిమందికి పైనే ఉన్నారు. అండాశయాలను కూడా తీసేస్తే ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. వాటిని ఉంచినా అవి ముందుగానే పనిచేయడం మానేసే అవకాశం ఎక్కువ. పైగా నెలసరే లేని మహిళకు ఆ సంగతి తెలిసే దారి ఉండదు. ఎముక వేగంగా కరిగిపోయే తొలి ఐదారేళ్లూ అలా తెలియకుండానే గడిచిపోతాయి. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రాలను ఆదేశించింది. ఇప్పటికే ఆపరేషన్ అయిపోయినవారి ఎముకల మాటేమిటన్నదే మా ప్రశ్న.

ఎముక సాంద్రతను కొలిచే డెక్సా పరీక్షలో టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకలతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.5 గాని అంతకంటే తక్కువ గాని వస్తే వ్యాధి ఉన్నట్లే. ఆ యంత్రాన్ని ప్రతి ఊరికీ తేలేకపోవచ్చు. కానీ ఎవరికి ఆ పరీక్ష అవసరమో తేల్చడానికి ఎత్తు కొలిచే టేపు, నాలుగు ప్రశ్నలు చాలు. 30 ఏళ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహం చూస్తున్న గ్రామ ఆరోగ్య సిబ్బంది, 50 దాటినవారి ఎత్తును కూడా ఏటా రాసిపెట్టడం పెద్ద భారమేమీ కాదు. ఇక ఆహారం విషయానికి వస్తే, ముట్లుడిగిన మహిళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగిపిండిలో ఉండేది సుమారు 350 మాత్రమే కనుక, సంకటి ఒక్కటే తింటే సరిపోదు.

గర్భసంచి తీసిన ప్రతి ఆసుపత్రీ అండాశయాలను ఉంచిందో తీసేసిందో డిశ్చార్జి కాగితంలో తెలుగులో స్పష్టంగా రాసివ్వాలని, 45 ఏళ్లలోపే వాటిని కోల్పోయినవారికి ప్రభుత్వమే ఉచితంగా ఎముకల పరీక్ష చేయించాలని మేము కోరుతున్నాం.