అకాఫుకు రెండు రోజులకే పాడవుతుందంటే పాడవనివ్వండి

జపాన్‌లో ఉంటూ సెలవులకు ఇంటికి బయలుదేరే మనవాళ్లలో కొందరికి అకాఫుకు మీద ఒక ఫిర్యాదు ఉంది. అంత పేరున్న మిఠాయి వేసవిలో రెండు రోజులకు, చలికాలంలో మూడు రోజులకు మించి ఆగదేమిటని. ఆగకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇసే నగరంలో 1707 నుంచి చేస్తున్న మిఠాయి ఇది. మన బూరెలో లోపల దాగే పూర్ణం ఇందులో పైకొస్తుంది. జిగురు బియ్యంతో చేసిన తెల్లటి మోచి మీద ఎర్రటి అజుకి గింజల మెత్తటి పూర్ణాన్ని వేళ్లతో అదిమితే, ఆ వేళ్ల జాడలే మూడు గీతలుగా మిగులుతాయి. గీతలు ఇసే ఆలయం పక్కన పారే ఇసుజు నది ప్రవాహానికి, మోచి ఆ నదిలోని గులకరాళ్లకు గుర్తులట. మోచి ఆరిన కొద్దీ గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే మరీ త్వరగా.

జపాన్ చరిత్రలో ‘ఎదో’ అని పిలిచే కాలంలో (1603–1868) ఊరివాళ్లంతా చందాలు వేసుకుని, తమ తరఫున కొందరిని ఇసే యాత్రకు పంపేవారు. చందా ఇచ్చినవారికి ఏదో ఒకటి తేవడం వెళ్లినవారి బాధ్యత. అయితే ఎదో నగరానికి, అంటే నేటి టోక్యోకు, నడక దాదాపు పదిహేను రోజులు కనుక వారు తెచ్చింది ఆలయ రక్షరేకులు, పంచాంగాలే తప్ప మోచి కాదు. దాన్ని అక్కడే తిని వచ్చేవారు. ఇది ఊళ్లకు మోసుకెళ్లే కానుకగా మారింది రైళ్లు వచ్చాకే.

చిక్కు కూడా అక్కడే మొదలైందంటాను. అమ్ముడుపోని పెట్టెలను గడ్డకట్టించి, కరిగించిన రోజునే తయారీ తేదీగా ముద్రిస్తున్నారని 2007 అక్టోబరులో, సరిగ్గా మూడు వందల ఏళ్లు నిండిన సంవత్సరంలో, బయటపడి తయారీ ఆగిపోయింది. మళ్లీ అమ్మకాలు మొదలైంది 2008 ఫిబ్రవరిలో. తప్పు సంస్థదే, సందేహం లేదు. కానీ రెండు రోజుల సరుకు ప్రతి స్టేషన్‌లోనూ ఎప్పుడూ దొరకాలనే మన ఆశకూ అందులో వాటా లేదా?

ఈ మిఠాయి అసలు మారకూడదని నేననడం లేదు. 1911లో మహారాణి ఇసే వచ్చినప్పుడు నల్ల చక్కెరకు బదులు తెల్ల చక్కెర వాడారు, ఆ రుచే నేటికీ కొనసాగుతోంది. రుచి మారితే మారనివ్వండి, నిలవ కోసం మందులు కలపమని మాత్రం అడగవద్దు. ప్రధాన దుకాణం తెల్లవారుజామున ఐదింటికే తెరుస్తారు. వెళ్లగలిగినవారు టీతో పాటు అక్కడే తినండి. ఇంటికి తీసుకెళ్లడానికి పొడిగా, కరకరలాడే సెంబే బిళ్లల రకాలు కావలసినన్ని దొరుకుతాయి.