గేట్లు ఎత్తారు సరే, యూనిట్లన్నీ తిరుగుతున్నాయా?

శ్రీశైలం గేట్లు ఎత్తారంటే చాలు, ఫోన్ నిండా వీడియోలే. నాకూ ఆ దృశ్యం ఇష్టమే. చిన్నప్పుడు సెలవులకు సున్నిపెంట వెళ్తే మా మేనమామ డ్యాం దగ్గరికి తీసుకెళ్లేవారు. తుంపర్లకు చొక్కా తడిసి ముద్దయ్యేది. మామయ్య చూపు మాత్రం గేట్ల మీద ఉండేది కాదు. పవర్‌హౌస్ డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతూనే అత్తతో "ఈరోజు అన్నీ తిరుగుతున్నాయి" అనో, "మూడోది ఆగింది" అనో చెప్పేవారు. అన్నీ తిరిగిన రోజు ఇంట్లో ఆయన గొంతే వేరుగా ఉండేది.

ఆ మాట విలువ నాకు పెద్దయ్యాక తెలిసింది. నీటి ఒత్తిడికి తిరిగి కరెంటు పుట్టించే యంత్రాలనే యూనిట్లంటారు. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్లవి 7, ఎడమగట్టున భూగర్భంలో 150 మెగావాట్లవి 6. అంటే 770, 900 మెగావాట్లు. రెండు కేంద్రాలూ పూర్తిగా నడిస్తే తీసుకునే నీరు 70 వేల క్యూసెక్కులు, కాస్త అటూ ఇటూగా. పడమటి కనుమల్లో వానలు దంచికొట్టి, ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల నిండి, తుంగభద్ర కూడా తోడైతే వచ్చే వరద నాలుగైదు లక్షల క్యూసెక్కులు. మిగతాదంతా గేట్లున్న స్పిల్‌వే మీదుగా పోవాల్సిందే. ఇందులో ఎవరి తప్పూ లేదు. అంత వరదకు సరిపడా టర్బైన్లు పెడితే ఏడాదిలో పది నెలలు ఖాళీగా పడుంటాయి. పైగా మొదట్లో 308 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల 215 టీఎంసీల చిల్లరకు వచ్చింది. వరదను ఆపి దాచుకునే చోటే తగ్గిపోయింది.

నా బాధ వేరే. వరద ఉండే ఆ నలభై యాభై రోజుల్లో ఒక్క యూనిట్ ఆగి ఉన్నా నేను ఒప్పుకోలేను. 150 మెగావాట్ల యూనిట్ ఒక రోజు ఆగితే 36 లక్షల యూనిట్ల కరెంటు పోయినట్టు. కరెంటు యూనిట్ నాలుగు రూపాయలే అనుకున్నా కోటీ నలభై నాలుగు లక్షలు. అదే యంత్రం ఏప్రిల్‌లో ఆగితే పెద్ద నష్టం లేదు, నీళ్లు జలాశయంలోనే ఉంటాయి, రేపు తిప్పుకోవచ్చు. ఆగస్టులో ఆ రేపు ఉండదు. "ఆ నీళ్లు సాగర్‌లోకే కదా పోయేది" అంటారు. నిజమే, పొలానికి నష్టం లేదు. కానీ 885 అడుగుల నుంచి కిందికి దిగే అవకాశం ఆ నీటికి ఒక్కసారే వస్తుంది.

ఒక చోట, పేరు వద్దులెండి, నేను కళ్లారా చూశాను. పక్కన గేట్లన్నీ తెరిచి ఉన్నాయి. పవర్‌హౌస్‌లో ఒక యూనిట్ విప్పి పెట్టి ఉంది. అడిగితే స్పేర్ పార్ట్ ఇంకా రాలేదన్నారు. వేసవిలో ఎందుకు తెప్పించలేదంటే, ఫైలు ఆలస్యమైందట. నది మాత్రం ఆలస్యం చేయలేదు.

వేసవిలో ఇబ్బందులు ఉంటాయని తెలుసు. సాయంత్రం లోడ్ ఒక్కసారిగా పెరిగితే నిమిషాల్లో అందుకునేది జలవిద్యుత్తే, అందుకే గ్రిడ్ వాళ్లు యూనిట్లను ఓవర్‌హాల్‌కు, అంటే విప్పి మరమ్మతు చేయడానికి, వదలడానికి వెనకాడతారు. అయినా ఫిబ్రవరి నుంచి ఒక్కొక్కటిగా తీసుకుంటే జూన్ లోపు అన్నీ పూర్తి చేయొచ్చు. 2025లో జులై 8కే గేట్లు ఎత్తారు. ఆగస్టు దాకా టైముందిలే అనుకునే రోజులు పోయాయి.

వరద ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ అనుకోవడమూ పొరపాటే. జూరాల చూడండి. నీరు పడే ఎత్తే తక్కువ. పెద్ద వరదొస్తే కింద నది మట్టం కూడా పెరిగి, పైకీ కిందికీ తేడా తగ్గిపోయి యూనిట్లు ఆపేయాల్సి వస్తుంది. కళ్ల ముందు అన్ని నీళ్లుండి కూడా ఉత్పత్తి సున్నా. సీలేరు తీరు ఇందుకు వేరు. పైన జలాపుట్, బలిమెల జలాశయాలు వాన నీటిని దాచిపెట్టి మండువేసవిలోనూ టర్బైన్లకు అందిస్తాయి.

శ్రీశైలంలోనూ ఎత్తు లెక్కే అసలు లెక్క. జలాశయం 885 అడుగుల్లో, కింద సాగర్ 590లో నిండుగా ఉంటే తేడా దాదాపు 300 అడుగులు. శ్రీశైలం మట్టం 825కు పడితే, సాగర్ మట్టం మారకపోతే, ఐదో వంతు ఎత్తు పోయినట్టే. అవే నీళ్లకు కరెంటు అంత తక్కువ వస్తుంది. అందుకే మట్టం 854 అడుగుల కింద ఉన్నప్పుడు ఉత్పత్తి కోసం నీళ్లు ఖాళీ చేయడం, ఏ రాష్ట్రం చేసినా, నాకు నచ్చదు. 2021లో ఆంధ్ర, తెలంగాణల మధ్య ఈ గొడవే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మొదట్లో ఇది జలవిద్యుత్ ప్రాజెక్టే అన్న వాదన నిజమే. కానీ ఈరోజు ఈ జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడు మీద ఆశ పెట్టుకున్న ఊళ్లున్నాయి. ముందు వరద రోజుల్లో వదులుకున్న కరెంటు సంగతి చూసి, తర్వాత అడుగున ఉన్న నీళ్ల గురించి కొట్లాడుకుందాం.

యూనిట్లు తిప్పాలనే హడావిడిలో మనుషుల్ని మరవమని మాత్రం నేననను. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు కేంద్రంలో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు. అది కూడా వరద కాలమే. మా మామయ్య లాంటి వాళ్లు రోజూ దిగే సొరంగాలవి. వేసవిలో పని నిదానంగా, శ్రద్ధగా పూర్తి కావాలని నేను ఇంతగా అడుగుతున్నది వాళ్ల కోసం కూడా.

రోజూ వచ్చే వరద సమాచారంలో మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, ఎత్తిన గేట్ల సంఖ్య ఉంటాయి. వాటి కింద ఇంకొక్క వరుస చేర్చమని రెండు రాష్ట్రాల అధికారులనూ అడుగుతున్నాను: ఎన్ని యూనిట్లు నడుస్తున్నాయి, ఎన్ని ఆగాయి, ఎప్పటి నుంచి, ఎందుకు.