నీళ్లు సన్నమైతే ముందు బోరు వేయించండి

తిరుపతిలో షవరు కింద నిలబడినా నెత్తి తడవని ఇళ్లకు కొదవ లేదు. అలాంటి ఇళ్లలో పెద్దలు పాటించే పద్ధతి ఒకటుంది. ఖర్చు ఎక్కువయ్యే పనితో మొదలుపెట్టాలి, తక్కువయ్యే పనికి ఓపిక, డబ్బు రెండూ అయిపోయాక రావాలి. ఈమధ్య కొందరు అల్పసంతోషులు దీన్ని తలకిందులు చేస్తున్నారు. ముందు కొళాయి మూతి విప్పి చూడమంటున్నారు. పరువుగల సంసారి చేసే పనేనా అది?

శాస్త్రోక్తంగా మొదటి మెట్టు కొత్త బోరు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే పెద్దమనిషిని పిలవాలి. అది లేచి నిలబడ్డ చోట ముగ్గు వేయాలి. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. వెయ్యి అడుగులు దిగినా ఒక్కోసారి తెల్లటి దుమ్మే పైకి వస్తుంది. నీరు, భూమి, చెట్లను కాపాడటానికి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరుకు అధికారుల అనుమతి కావాలి. మనవాళ్లకు టెంకాయ అనుమతి చాలు.

రెండో మెట్టు మోటారు. ఒకటిన్నర హెచ్‌పీ తీసి రెండు దించాలి. ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. బోరు మోటారు పని మిద్దె మీది ట్యాంకు నింపడంతోనే సరి. అక్కణ్నుంచి కొళాయికి నీళ్లను తోసేది ట్యాంకు ఎత్తు. బోరులో ఐదు హెచ్‌పీ ఉన్నా షవరుకు ఆ కబురు అందదు. ట్యాంకు తొందరగా నిండుతుంది, అంతే. ఊట అంత లేకపోతే మోటారు నీళ్లు లేకుండా తిరిగి వైండింగు కాలుతుంది. అప్పుడు మూడో మోటారు కొనే యోగం పడుతుంది.

ట్యాంకే ఆలస్యంగా నిండుతుంటే మాత్రం బోరు వైపు చూడక తప్పదు. వోల్టేజీ ఎంతుందో, ప్యానెల్ డబ్బాలో కెపాసిటరు ఉబ్బిందేమో చూడాలి. మోటారు ఆపాక బోరు నోటి దగ్గరి కేసింగు పైపుకు చెవి పెట్టాలి. లోపల నీళ్లు కారుతున్న చప్పుడు ఆగకుండా వస్తే బోరులోకి దించిన పైపుకు బొక్క పడిందనో, జాయింటు వదిలిందనో అనుమానించాలి.

ఇక ఎత్తు సంగతి. 10 మీటర్ల ఎత్తుకు ఒక కేజీ ప్రెషరు, అంటే చదరపు సెంటీమీటరు మీద కేజీ బరువు. స్లాబు నేలకు 10 అడుగుల ఎత్తులో ఉంది, దాని మీద ట్యాంకు దిమ్మె 3 అడుగులు, ట్యాంకులో నీళ్లు 2 అడుగులు అనుకుందాం. షవరు 7 అడుగుల ఎత్తులో బిగిస్తే మిగిలేది 8 అడుగులు, అంటే కేజీలో పావు. అంగడిలో చూసి ముచ్చటపడి తెచ్చిన పళ్లెమంత షవరుకు ఆ పావు ఏ మూలకు? రెండంతస్తుల ఇంట్లో అయితే కింద బాడుగకున్నవాళ్లకు మరో 10 అడుగులు కలిసొస్తాయి. వాళ్లకు అర కేజీ పైన, మిద్దె మీది ఓనరుకు పావు! ఈ అన్యాయాన్ని సహించలేక బాడుగ పెంచిన ఓనర్లను తప్పుపట్టలేం. దిమ్మె ఇంకో 5 అడుగులు లేపితే కలిసేది 0.15 కేజీ. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను పైనే బరువు కాబట్టి, ఆ దిమ్మెను దూలాల మీదే కట్టాలి.

వాస్తు కూడా తన వంతు సాయం చేస్తుంది. ట్యాంకు నైరుతిలో, బోరు ఈశాన్యంలో. 30×40 అడుగుల ఇంట్లో మూలకు మూల 50 అడుగులు, ఎదుటి మూల కొళాయికి నీళ్లు అంత దూరం నడవాలి. ట్యాంకు నుంచి ఒకటింపావు అంగుళం పైపు తీసి, కిందికి అంగుళం, బాత్‌రూముకు ముప్పావు, కొళాయి దగ్గర మాత్రమే అరంగుళం వేయాలి. మేస్త్రీ ట్యాంకు దగ్గరే అరంగుళానికి దిగి, డజను ఎల్బోలు తిప్పి తెస్తే, అంగుళం పైపులో నాలుగో వంతు దారే ఉంటుంది. దానికి దోషనివారణ శాంతి హోమం కాదు, పైపు మార్చడం.

ట్యాంకు పైపుకు బిగించే గేటువాల్వు మరీ కపటి. చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపల కాడ అరిగి బిళ్ల కిందే ఉండిపోతుంది. తెరిచామని మనం అనుకుంటాం. దాన్ని తీసేసి, పైపుకు తగ్గ సైజు బాల్‌వాల్వు వేస్తే సరి.

ట్యాంకు కడిగించిన మర్నాడు "అన్నా, నీళ్లు దారం మాదిరి వస్తాండాయి" అంటే దిష్టి కాదు, గాలి. మిద్దె మీద పైపు ఎక్కడో పైకి లేచి మళ్లీ దిగిన చోట గాలి చిక్కుకుంటుంది. కింది కొళాయిలన్నీ ఒకేసారి తెరిచి, బుసబుసమంటూ గాలి పోయేదాకా వదలాలి. పోకపోతే కింది కొళాయికి గొట్టం బిగించి మోటారు నీళ్లు ఎదురు తోయాలి. శాశ్వతంగా కావాలంటే ట్యాంకు దగ్గరి వాల్వు దాటాక ఒక గాలిపైపు నిలబెట్టి, ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తు ఉంచి, పైన వంచాలి. ఎత్తు తగ్గిస్తే మిద్దె తడుస్తుంది.

అల్పసంతోషుల పద్ధతీ చెప్పి తీరాలి, లేకుంటే పక్షపాతమంటారు. ఒక్క కొళాయే సన్నమైతే దాని మూతిలో జాలీ. ఒక్క బాత్‌రూమే అయితే ఆ బాత్‌రూము వాల్వు, లేదా ఆ లైను. వేడినీళ్లు మాత్రమే అయితే గీజరు దగ్గరి వాల్వు, లోపలి సున్నం. ఇల్లంతా అయితే ట్యాంకు దగ్గర. 15 లీటర్ల బకెట్టు రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి ఏడున్నర లీటర్లు, కొళాయికి అది చాలు. జాలీని గుడ్డ చుట్టిన పటకారుతో విప్పి, రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పళ్లుతోమే బ్రష్‌తో రుద్దితే తెల్లటి చెక్కు రాలుతుంది. ఇంత చవకగా పనైపోతే నలుగురిలో చెప్పుకోవడానికి ఏముంటుంది?

అన్నీ అయ్యాక ట్యాంకు నీళ్లను కొళాయిలకు గట్టిగా తోసే ప్రెషర్ పంపు. పై అంతస్తుకు ఇది నిజంగానే అక్కరకొస్తుంది. దాని పక్కన చిన్న ట్యాంకు ఉంటే లోపలి గాలిని సైకిలు ట్యూబులాంటి వాల్వు దగ్గర కొలవాలి. పంపు ఆపి, నీళ్లు వదిలేశాకే కొలవాలి. 20 పీఎస్‌ఐ (ఇదీ ప్రెషరు కొలతే) దగ్గర మోటారు లేచేటట్టు పెట్టి ఉంటే గాలి 18 ఉండాలి. వాల్వు పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లు వచ్చాయా, లోపలి రబ్బరు సంచి చిరిగినట్టే. అప్పుడు కొళాయి కొంచెం తిప్పినా పంపు టక్కున లేచి టక్కున ఆగుతుంది.

ఎవరూ కొళాయి తిప్పకుండానే అర్ధరాత్రి పంపు మోగితే ఇంట్లో గాలి తిరుగుతోందని భయపడే ముందు ఫ్లష్ ట్యాంకులో చిటికెడు రంగు కలపండి. ఫ్లష్ నొక్కకుండా అరగంట ఆగి చూస్తే కమోడ్‌లోకి రంగు దిగి ఉంటుంది. వాషరు పోయింది, అంతే. ఆ మాట మొహం మీదే చెప్పి, చార్జీ తీసుకుని వెళ్లిపోయే ప్లంబరును వీధిలో ఎవరూ మళ్లీ పిలవరు.